పదును పెట్టాల్సింది ప్రశ్నకి

(బెంగళూరు మారతహళ్ళిలో, ప్రోడక్ట్ ఉద్యోగాల్లో ఉన్న తెలుగువాళ్ళ ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా రాతలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి, యలహంక నుంచి కూడా వచ్చారు. ఆదివారం పొద్దున్నే ఇంత దూరం వచ్చినవాళ్ళతో మొహమాటం లేకుండా మాట్లాడటమే మర్యాద అనుకుంటాను. సూటిగా విషయంలోకి వస్తాను.

మన టీముల్లో రోజూ వినే మాట ఒకటుంది. "దాదాపు అయిపోయింది, ఇంకొంచెం పాలిష్ చేసి వదులుదాం." ఆ ఇంకొంచెం ముందు ఒక స్ప్రింట్ (ఒకట్రెండు వారాల పని విడత) అవుతుంది, తర్వాత ఒక క్వార్టర్ (మూడు నెలలు) అవుతుంది. ఈలోపు ఫీచర్‌కి ఇంకో రెండు స్క్రీన్లు తగులుకుంటాయి. లీగల్ వాళ్ళ రివ్యూ ఒకటి, బ్రాండ్ వాళ్ళ రివ్యూ ఒకటి. అందరూ కష్టపడుతూనే ఉంటారు, రాత్రి పదింటికి కూడా డిజైన్లు గీసే ఫిగ్మాలో కామెంట్లు వస్తూనే ఉంటాయి. ఇంతమంది కష్టంలో ఒక్క మనిషి మాత్రం ఎక్కడా కనపడరు. ఆ ఫీచర్ వాడబోయే మనిషి.

దీనికి మనం క్వాలిటీ అని పేరు పెట్టుకున్నాం. నేను ఒప్పుకోను. "నాకిది అక్కర్లేదు" అని వాడేవాళ్ళు చెప్పే రోజుని ముందుకి ముందుకి జరుపుకుంటూ పోవడం అది.

ఇది మనకి ఎక్కడి నుంచి అలవాటైందో కూడా చెప్తాను. ఇక్కడున్నవాళ్ళలో చాలామంది ఎంసెట్ రాసినవాళ్ళే. ఇంటర్ రెండేళ్ళు గుంటూరులోనో విజయవాడలోనో హైదరాబాదులోనో హాస్టల్లో ఉండి, తెల్లవారుజామున స్టడీ అవర్‌కి లేచి చదివాం. ఆ చదువు మనకి చాలా ఇచ్చింది, దాన్ని తక్కువ చేయను. కానీ దాంతోపాటు కొన్ని నమ్మకాలు కూడా వచ్చాయి. ప్రశ్న వేరేవాళ్ళు ఇస్తారు. సరైన జవాబు ఒక్కటే ఉంటుంది. అవకాశం ఒక్కసారే వస్తుంది. ఒక్క మార్కు పోతే ర్యాంకు ఎక్కడికో వెళ్ళిపోతుంది. ప్రోడక్ట్ పనిలో ఇవన్నీ తారుమారు. ప్రశ్న మనమే వేసుకోవాలి. సరైన జవాబు ఏమిటో గదిలో ఉన్న ఎవరికీ తెలియదు, వైస్ ప్రెసిడెంట్‌కి కూడా. నిన్న ఇచ్చిన జవాబుని ఇవాళ దిద్దుకోవచ్చు. అయినా మనం ప్రతి లాంచ్‌నీ ఎంసెట్‌లాగే చూస్తున్నాం, అదే టెన్షన్‌తో.

సరైన జవాబు ఎవరికీ తెలియదన్న మాట ఊరికే అనడం లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ బింగ్ సెర్చ్‌లో 2012లో ఒక ఉద్యోగి చిన్న సూచన చేశారు. ప్రకటన శీర్షిక కింద ఉండే లైనుని పైకి తెచ్చి శీర్షికలోనే కలిపేద్దాం అని, అంతే. వందల సూచనల మధ్య అది ఆరు నెలలకు పైగా బ్యాక్‌లాగ్‌లో, అంటే తర్వాత చూద్దామని పక్కన పెట్టిన పనుల జాబితాలో, పడి ఉంది. ఎవరికీ గొప్పగా అనిపించలేదు. చివరికి ఒక ఇంజినీరు, కోడ్ రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు కదా అని, ఏ/బీ టెస్టు పెట్టారు, అంటే కొందరికి పాతది, కొందరికి కొత్తది చూపించి పోల్చారు. కొన్ని గంటల్లోనే అలారం మోగింది. ఆదాయం మరీ ఎక్కువగా కనపడుతోంది, ఎక్కడో బగ్ ఉందేమో చూడండి అని చెప్పే అలారం అది. బగ్ ఏమీ లేదు. ఆదాయం 12 శాతం పెరిగింది. ఒక్క అమెరికాలోనే ఏడాదికి 10 కోట్ల డాలర్ల పైమాట.

ఈ కథని చాలామంది ఆ ఇంజినీరు చొరవ గురించి చెప్తారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ ఆరు నెలలు. ప్రపంచంలో తెలివైనవాళ్ళని ఏరి కూర్చోబెట్టుకున్న కంపెనీలో, పదికోట్ల డాలర్ల ఆలోచన కళ్ళ ముందున్నా ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. అదే కంపెనీలో ఈ ప్రయోగాల విభాగాన్ని నడిపిన రాన్ కోహావీ లెక్కలు బయటపెట్టారు. మైక్రోసాఫ్ట్‌లో పరీక్షించిన ఆలోచనల్లో మూడోవంతు మేలు చేశాయి, మూడోవంతు ఏమీ మార్చలేదు, మూడోవంతు చెడగొట్టాయి. బింగ్, గూగుల్ లాంటి బాగా పండిన ప్రోడక్టుల్లో అయితే గెలిచేవి 10 నుంచి 20 శాతమే. ఇప్పుడు మీ రోడ్‌మ్యాప్, అంటే రాబోయే నెలల్లో కట్టాలనుకున్నవాటి జాబితా, గుర్తు తెచ్చుకోండి. అందులో పది ఫీచర్లుంటే, వాటిలో ఏడెనిమిది ఎవరికీ పనికిరాకపోవచ్చు. ఏవి పనికిరావో తెలియకుండానే పదింటికీ మెరుగులు దిద్దుతున్నాం.

మన ఊళ్ళోనే, మనవాళ్ళ కథే ఇంకొకటుంది. 2005 దీపావళికి ఫణీంద్ర సామా అనే యువ ఇంజినీరుకి బెంగళూరు నుంచి ఇంటికి వెళ్ళడానికి బస్ టికెట్ దొరకలేదు. పండక్కి టికెట్ కోసం ఏజెంట్ల చుట్టూ తిరగడం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. తర్వాతి ఏడాది స్నేహితులతో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టారు. అయితే వాళ్ళ మొదటి ఆలోచన మనం ఇవాళ వాడే రెడ్‌బస్ కాదు. బస్ ఆపరేటర్లకి సాఫ్ట్‌వేర్ ఇద్దామనుకున్నారు. ఆపరేటర్లు ఆసక్తి చూపలేదు. అప్పుడు కొద్ది సీట్లు తీసుకుని, తామే ప్రయాణికులకి అమ్మడం మొదలుపెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్‌నే ఇంకో రెండేళ్ళు మెరుగుపరుస్తూ కూర్చునుంటే, అది అద్భుతంగా తయారై అలాగే ఉండిపోయేది. విజయవాడకి చెందిన శ్రీహర్ష మాజేటి కూడా స్విగ్గీకి ముందు కొరియర్ సర్వీసులని కలిపే బండిల్ అనే కంపెనీ పెట్టి, అది సాగదని తెలిశాక మూసేశారు. 2014లో కోరమంగళ నుంచి స్విగ్గీ మొదలైంది.

ఇంతవరకూ మీరందరూ తలలూపుతున్నారు. ఇక్కడి నుంచి కొంచెం కష్టమైన భాగం. "త్వరగా ప్రయోగాలు చేయండి" అని వినగానే చాలా టీములు చేసేదేమిటంటే, సగం వండినదాన్ని బయటికి పంపేసి, దానికి ప్రయోగం అని పేరు పెట్టడం. ఏం తెలుసుకోవాలనుకున్నారో ముందు రాసుకోరు. నెల తర్వాత డ్యాష్‌బోర్డ్‌లో ఏదో ఒక గీత పైకి వెళ్ళి ఉంటుంది, దాన్ని చూపించి గెలిచామంటారు. ఇది నాకు పర్ఫెక్షనిజం కంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది. నెమ్మదిగా పనిచేసే టీమ్‌కి తనకి ఏమీ తెలియదన్న సంగతైనా తెలుసు. ఈ టీమ్‌కి తెలియనిది తెలిసిందన్న నమ్మకం కుదిరిపోతుంది.

ప్రోడక్ట్ గరుకుగా ఉన్నా పర్వాలేదు, ప్రశ్న మాత్రం పదునుగా ఉండాలి. ఒక ఉదాహరణతో చెప్తాను.

మీది కిరాణా సరుకుల యాప్ అనుకుందాం. "నెల సరుకుల లిస్టు" అని ఒక ఫీచర్ పెట్టాలనుకుంటున్నారు. ఇంటికి ప్రతి నెలా కావాల్సిన కందిపప్పు, మినప్పప్పు, నూనె, బియ్యం, అన్నీ లిస్టులో ఉంటాయి, ఒక్కసారి నొక్కితే ఆర్డర్ వెళ్ళిపోతుంది. రివ్యూలో అందరికీ నచ్చుతుంది. మామూలుగా అయితే ముప్పై పేజీల పీఆర్‌డీ, అంటే ఏం కట్టాలో వివరించే పత్రం, తయారవుతుంది, నాలుగైదు నెలల పని మొదలవుతుంది.

దాని బదులు ఒక్క వాక్యం రాయండి. "లిస్టు మనమే తయారుచేసి ఇస్తే, పోయిన నెల మన దగ్గర కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఈ నెల కూడా కొంటారు." దాని కింద ఇంకో వాక్యం. ఎంతమంది కొంటే కడతాం, ఎంతకి తగ్గితే మానేస్తాం. ఈ రెండో వాక్యం రాయడానికి మీటింగులో ఎవరికీ చెయ్యి రాదు చూడండి. మానేస్తాం అని ముందే రాయడం కష్టం. అందుకే అది రాయించాలి.

ఇప్పుడు పోయిన నెల కొన్న కుటుంబాల్లోంచి లాటరీ తీసి రెండు వందలమందిని ఎంచుకోండి. మళ్ళీ లాటరీతో రెండు సగాలు చేయండి. ఒక సగానికి, వాళ్ళ పోయిన నెల ఆర్డర్ చూసి, మనిషి కూర్చుని లిస్టు తయారుచేసి వాట్సాప్‌లో పంపాలి. కోడ్ ఒక్క లైను అక్కర్లేదు. రెండో సగానికి ఏం పంపాలి? ఏమీ పంపకపోతే అక్కడే ప్రయోగం చెడిపోతుంది. ఎందుకంటే మొదటివాళ్ళు ఎక్కువ కొంటే అది లిస్టు వల్లనో, వాట్సాప్ మెసేజ్ వచ్చి మన యాప్ గుర్తొచ్చినందువల్లనో చెప్పలేం. కాబట్టి రెండో సగానికి, అదే రోజు, అదే సమయానికి, "ఈ నెల సరుకులు కావాలా?" అని మామూలు మెసేజ్ వెళ్ళాలి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకుండా నెలల తరబడి కట్టుకున్న ఫీచర్లు ఎన్నో ఉంటాయి.

ఇంకోటి. ఇది రెండు వారాల ప్రయోగం కాదు. జీతాలు నెల మొదట్లో పడతాయి, సరుకులు అప్పుడే కొంటారు. మూడో వారంలో మొదలుపెట్టి నాలుగో వారంలో ఆపేస్తే మీకు కనపడేది జనం స్వభావం కాదు, వాళ్ళ బ్యాంక్ బ్యాలెన్స్. వేగం అంటే క్యాలెండర్‌ని మోసం చేయడం కాదు. కట్టే పనిలో వేగం చూపించండి, కొలిచే పనికి పట్టే కాలం దానికివ్వండి.

ఇక చేత్తో చేయడంలో ఉన్న అసలు లాభం జవాబుల్లో ఉంటుంది. "బియ్యం తీసేయండి, మాకు ఊరి నుంచి వస్తాయి" అని ఎవరో రాస్తారు. బెంగళూరులో ఉన్న తెలుగు ఇళ్ళలో ఇది ఎంత మామూలో మనకి తెలుసు, కానీ ఆ ముప్పై పేజీల పీఆర్‌డీలో ఈ మాట ఉండదు. "మా అత్తగారు వచ్చారు, ఈ నెల నూనె రెండింతలు" అని ఇంకొకరు రాస్తారు. అప్పుడు అర్థమవుతుంది, లిస్టు తయారుచేయడం తేలిక, లిస్టు మార్చుకోవడం తేలిక చేయడమే అసలు పని అని.

వందమంది చొప్పున రెండు సగాలు సరిపోతాయా అని మీలో లెక్కలు తెలిసినవాళ్ళు అడుగుతారు. ఒక వైపు 30 మంది, ఇంకో వైపు 50 మంది కొంటే ఆ తేడాని నమ్మొచ్చు. 30, 35 అయితే నమ్మకూడదు, అది లాటరీలో వచ్చిన తేడా కావచ్చు. పెద్ద తేడా ఉందో లేదో చూడటానికి చిన్న ప్రయోగం చాలు. చిన్న తేడా పట్టుకోవాలంటే పెద్ద ప్రయోగం కావాలి. మీ కన్వర్షన్, అంటే వచ్చినవాళ్ళలో కొనేవాళ్ళ వంతు, 5 శాతం ఉంది, అది 5.5 అయిందా అని తెలుసుకోవాలంటే, మామూలుగా పెట్టుకునే 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడాని ఉందనుకునే అవకాశం), 80 శాతం పవర్ (ఉన్న తేడాని పట్టుకునే అవకాశం) దగ్గర, ఒక్కో వైపు సుమారు 30 వేలమంది కావాలి. 6 అయిందా అని తెలుసుకోవడానికి సుమారు 8 వేలమంది చాలు. పట్టుకోవాల్సిన తేడా సగమైతే మనుషులు దాదాపు నాలుగు రెట్లు కావాలి. ఈ లెక్క ప్రయోగానికి ముందు వేయాలి, తర్వాత కాదు.

డ్యాష్‌బోర్డ్ ఊరికే ఊరికే చూడటం గురించి కూడా చెప్పాలి. 5 శాతం పొరపాటుకి ఒప్పుకుని ప్రయోగం పెట్టారు. మధ్యలో పదిసార్లు చూసి, ఏదో ఒకసారి గెలిచినట్టు కనపడగానే ఆపేస్తే, లేని గెలుపుని ఉందనుకునే అవకాశం 19 శాతం దాకా పెరుగుతుంది. అంటే అయిదింటిలో దాదాపు ఒకటి. ఏమీ చెడిపోవడం లేదు కదా అని చూసుకోవడానికి తెరవండి, తప్పు లేదు. గెలిచామా అని మాత్రం ముందే రాసుకున్న రోజునే చూడండి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా. నిజమే, కానీ గిన్నె కలిపిన తర్వాత పట్టే మెతుకు అది. పైపై మెతుకు పట్టుకుంటే అడుగు సంగతి తెలియదు. మన ప్రయోగాల్లో లాటరీ చేసే పని ఆ కలపడమే. ఇండిరానగర్‌లో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, ఖరీదైన ఫోన్ ఉన్నవాళ్ళ మీద పరీక్షించి, ఒంగోలులో, కర్నూలులో కూడా ఇలాగే ఉంటుందనుకుంటే అది పైపై మెతుకు.

ఇదంతా సిలికాన్ వ్యాలీ నుంచి వచ్చిన విద్య అనుకోకండి. 1937లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్‌లో జనపనార పంట ఎంత విస్తీర్ణంలో ఉందో అంచనా వేయడానికి ముందు చిన్న ప్రాంతంలో సర్వే చేశారు. ఎక్కడ పొరపాట్లు వస్తున్నాయో, ఎంత ఖర్చవుతుందో చూసుకుని, ఏటేటా పెంచుకుంటూ వెళ్ళారు. ఆయన స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే మన సి.ఆర్. రావు గారు పనిచేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్ళిన మనిషి. 1940ల్లో ఆయన రూపొందించిన ఆర్థోగొనల్ అర్రేలు, అంటే ఏయే కలయికలు ప్రయత్నిస్తే చాలో చెప్పే పట్టికలు, తర్వాత ప్రపంచమంతా ఫ్యాక్టరీల్లో వాడారు. ఏడు అంశాలున్నాయి, ఒక్కోదానికి రెండు రకాలు. అన్ని కలయికలూ ప్రయత్నిస్తే 128 ప్రయోగాలు. ఆ పద్ధతిలో ఎనిమిదితో ఒక్కో అంశం విడిగా చూపే ప్రభావం తెలుసుకోవచ్చు, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పెద్దగా ఆధారపడనప్పుడు. తక్కువ ప్రయత్నాలతో ఎక్కువ తెలుసుకోవడం ఎలా అన్నది ఒక తెలుగాయన జీవితమంతా పట్టుకున్న ప్రశ్న. 2023లో ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయారు. మన పిల్లలకి ఆయన పేరు ఎందుకు చెప్పడం లేదో నాకు అర్థం కాదు.

ఎక్కడ తొందరపడకూడదో కూడా చెప్పకపోతే తప్పవుతుంది. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ కొత్త కోడ్‌ని ఎనిమిది సర్వర్లలో ఏడింటి మీదే సరిగ్గా పెట్టింది. ఎనిమిదోదాంట్లో పాత కోడ్ నిద్ర లేచింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లు పోయాయి. డబ్బు కదిలే చోట, మందుల మోతాదు చూపించే చోట, వెనక్కి తీసుకోలేని చోట ఈ వేగం పనికిరాదు. అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ 2015 వాటాదారుల లేఖలో నిర్ణయాలని రెండు రకాలుగా విడదీశారు. వెనక్కి రావడానికి వీలున్నవి, లేనివి. వీలున్నవాటిని కూడా వీలులేనివాటిలా చూస్తే కంపెనీ మందగిస్తుందని ఆయన వాదన. మొదటి మీటింగులోనే ఈ ఫీచర్ ఏ రకం అని అడగండి. వీలున్నదైతే ఫీచర్ ఫ్లాగ్ (ఫీచర్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెట్టి, రోల్‌బ్యాక్ (పాతదానికి తిరిగి వెళ్ళడం) పనిచేస్తోందో లేదో ముందు సరిచూసుకుని వదలండి. వీలులేనిదాన్ని వీలున్నదిగా మార్చే దారి ఉందేమో వెతకండి. రిజర్వ్ బ్యాంక్ ఇ-రూపాయిని సామాన్యుల కోసం 2022 డిసెంబరు 1న మొదలుపెట్టినప్పుడు, మన బెంగళూరుతో కలిపి నాలుగు నగరాల్లో, ఎంపిక చేసిన కొద్దిమందితోనే మొదలుపెట్టింది. కరెన్సీ నడిపే సంస్థే అలా వెళ్తున్నప్పుడు మన కూపన్ స్క్రీన్‌కి అంత భయం దేనికి?

దీనికి ఎదురుగా మింత్రా కథ చూడండి. 2015 మేలో వెబ్‌సైట్ మూసేసి అందరినీ యాప్‌కే రమ్మన్నారు. ఏడాది తర్వాత డెస్క్‌టాప్ సైట్ మళ్ళీ తెరిచారు. బయటి నుంచి చూసి చెప్తున్న నా అభిప్రాయం ఇది: కొద్ది శాతం మందికి ముందు మూసి చూసినా ఆ జవాబులో చాలాభాగం తెలిసేది.

మనుషుల మీద ప్రయోగం చేస్తున్నామన్న సంగతి మర్చిపోకూడదు. ఫేస్‌బుక్ 2012లో ఆరు లక్షల ఎనభై తొమ్మిది వేలమంది మీద ప్రయోగం పెట్టి, న్యూస్‌ఫీడ్‌లో కొందరికి సంతోషం ఉన్న పోస్టులని, కొందరికి విచారం ఉన్న పోస్టులని తగ్గించి వాళ్ళ మనసు ఎలా మారుతుందో చూసింది. 2014లో అది బయటికొచ్చాక జనం ఎందుకు మండిపడ్డారో మనం అర్థం చేసుకోవాలి. మన దేశంలో 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్ (వాడేవాళ్ళని ఏమార్చే డిజైన్లు) మీద నిబంధనలు వచ్చాయి, పదమూడు రకాల మోసాలని పేరుపెట్టి నిషేధించారు. బుట్టలో చెప్పకుండా వస్తువు చేర్చడం, సభ్యత్వం రద్దు చేసుకోనివ్వకపోవడం లాంటివి. ఏ/బీ టెస్టులో ఇవి తరచూ గెలుస్తాయి, అదే ప్రమాదం. చత్వారం అద్దాలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని యాప్ వాడే పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళు పొరపాటున నొక్కితే పెరిగే మెట్రిక్ (మనం కొలిచే అంకె) పెరిగినట్టు కాదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: సార్, మా డిజైనర్లు సగం తయారైంది బయటికి పంపడం అవమానంగా భావిస్తున్నారు. ఎలా ఒప్పించాలి?)

వాళ్ళ బాధ న్యాయమైనదేనమ్మా. పని మీద గౌరవం ఉన్నవాళ్ళకే అలా అనిపిస్తుంది. వాళ్ళని ఒప్పించే ప్రయత్నం చేయకండి, ప్రశ్న రాసే మీటింగుకి పిలవండి. ఏం తెలుసుకోవాలో మొదటి నుంచీ తెలిసిన డిజైనర్, ఆ ప్రశ్నకి ఎంత గీస్తే చాలో మీకంటే బాగా చెప్తారు. గెలిచిన ఫీచర్‌కి మెరుగులు దిద్దే సమయం ప్లాన్‌లో రాసిపెట్టండి, ఆ మాట నిలబెట్టుకోండి. చాలా చోట్ల గెలిచాక కూడా అది అలాగే గరుకుగా ఉండిపోతుంది. డిజైనర్లకి నమ్మకం పోయేది అక్కడే.

(ఇంకో శ్రోత: మాది చిన్న కంపెనీ అండీ. రోజుకి రెండు మూడు వందలమందే వస్తారు. మీరు చెప్పిన 30 వేలు మాకు ఎప్పటికి?)

మీరు ఏ/బీ టెస్టు జోలికి ఇప్పుడే వెళ్ళకండి. అయిదుగురు మనుషులని కూర్చోబెట్టి, ఫోన్ చేతికిచ్చి, ఒక పని చెప్పి, మీరు నోరు మెదపకుండా చూడండి. పెద్ద ఇబ్బందులు చాలామటుకు ఆ అయిదుగురిలోనే బయటపడతాయి. ఇద్దరైనా ఇంగ్లీష్ రానివాళ్ళు ఉండాలి, ఒకరైనా తక్కువ ధర ఫోన్ వాడేవాళ్ళు ఉండాలి. బయటపడినవి సరిచేసి మళ్ళీ వేరే అయిదుగురు. మీ స్థాయిలో వెతకాల్సింది అర శాతం తేడాలు కాదు, కళ్ళకి కనపడే తేడాలు. మీరు ఇప్పుడు కడుతున్నదేమిటో ఒక వాక్యంలో రాసి తెచ్చుకోండి, భోజనాల్లోపు కూర్చుని దాని ప్రశ్న ఏమిటో చూద్దాం.